ఎగిరే కంగారూ... దిగొచ్చింది!

ఒకవైపు వందేళ్ల చరిత్ర ఉన్న విమానయాన సంస్థ. మరోవైపు ఆ విమానాల్లోకి పెట్టెలు ఎక్కించే 1,820 మంది కార్మికులు. కరోనా కాలంలో ఒక్క నిర్ణయంతో వాళ్లందరినీ సంస్థ ఇంటికి పంపేసింది. అయిదేళ్ల తర్వాత అదే సంస్థ కోర్టు ముందు తలవంచి, 21 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో క్వాంటాస్‌కూ కార్మిక సంఘానికీ మధ్య నడిచిన ఆ పోరాటం కథే ఇది.

అక్టోబరు 29, 2011. శనివారం సాయంత్రం.

సిడ్నీ విమానాశ్రయం కిటకిటలాడుతోంది. ఆ వచ్చే మంగళవారమే మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం. దేశం మొత్తం పనులు మానుకుని చూసే పోటీ అది. అటు పెర్త్‌లో కామన్వెల్త్ దేశాధినేతల సదస్సు నడుస్తోంది. ఎవరి తొందర వాళ్లది. సరిగ్గా అప్పుడు పిడుగులాంటి వార్త. క్వాంటాస్ విమానాలన్నీ ఎక్కడివక్కడే ఆగిపోతున్నాయి! స్వదేశంలోనే కాదు, విదేశాల్లో కూడా. ఎప్పుడు మొదలవుతాయో తెలియదు.

తుపాను లేదు. అగ్నిపర్వతం బద్దలవలేదు. పోనీ, కార్మికులు ఆ రోజు సమ్మె చేశారా అంటే... అదీ లేదు. విమానాలను ఆపింది సంస్థ యాజమాన్యమే!

22 విమానాశ్రయాల్లో 108 విమానాలు నిలిచిపోయాయి. సుమారు 70 వేల మంది ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. సదస్సుకు వచ్చిన నేతల్లోనూ కొందరికి తిరుగు ప్రయాణం ఎలాగన్న బెంగ పట్టుకుంది. దేశాధినేతలకు ఆతిథ్యమిస్తున్న ప్రధాని జూలియా గిలార్డ్‌కు తల కొట్టేసినంత పనయింది.

సమ్మె అంటే కార్మికులు పని ఆపడం. యాజమాన్యమే గేట్లకు తాళం వేస్తే అది లాకౌట్. మన దగ్గర మిల్లులూ ఫ్యాక్టరీల విషయంలో ఆ మాట విన్నాం. ఆకాశానికే తాళం వేయడం మాత్రం ఆస్ట్రేలియన్లకు కూడా కొత్తే!

జాతీయ జెండా లాంటిది

క్వాంటాస్ పేరు వింటే ఆస్ట్రేలియన్ల ఛాతీ కాస్త ఉప్పొంగుతుంది. 1920లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని వింటన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. ‘క్వీన్స్‌లాండ్ అండ్ నార్తర్న్ టెరిటరీ ఏరియల్ సర్వీసెస్’ అన్న పొడవాటి పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే క్వాంటాస్. 1947లో ప్రభుత్వపరమైంది. 1990ల్లో మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లింది. ఎర్రటి తోక మీద తెల్లటి కంగారూ దాని గుర్తు. సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ తోక పరిచయమే. 2022 సెప్టెంబరు నుంచి బెంగళూరుకూ ఆ విమానం నేరుగా దిగుతోంది.

విమానయానంలో యాజమాన్యాలూ సంఘాలూ తలపడటం ఆ దేశానికి కొత్త కాదు. 1989లో దేశీయ విమానాల పైలట్లు జీతాల పెంపు కోసం పట్టుబట్టారు. ‘ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకే నడుపుతాం’ అంటూ మొదలుపెట్టి, చివరికి మూకుమ్మడి రాజీనామాల దాకా వెళ్లారు. అప్పటి ప్రధాని బాబ్ హాక్ ఒకప్పుడు జాతీయ కార్మిక సమాఖ్యకు అధ్యక్షుడు. అలాంటివాడే విమాన సంస్థల పక్షాన నిలబడ్డాడు. ప్రయాణికుల కోసం వాయుసేన విమానాలను దింపాడు. పైలట్ల సంఘం చిత్తుగా ఓడిపోయింది. గట్టిగా నిలబడితే సంఘాన్ని ఓడించొచ్చన్న పాఠం యాజమాన్యాలకు అప్పుడే అందింది.

తాళం ఎందుకు వేశారు?

2008లో క్వాంటాస్ పగ్గాలు అలన్ జాయిస్ చేతికొచ్చాయి. పుట్టింది ఐర్లండ్‌లోని డబ్లిన్. అంతకుముందు క్వాంటాస్‌కే చెందిన చౌక విమానాల సంస్థ జెట్‌స్టార్‌ను నడిపాడు. ఖర్చు ఎక్కడ తగ్గించాలో బాగా తెలిసినవాడు. 2011 ఆగస్టులో ఆయన కొత్త ప్రణాళిక ప్రకటించాడు. అంతర్జాతీయ విభాగం నష్టాల్లో ఉంది కాబట్టి వెయ్యి ఉద్యోగాలు తీసేస్తాం, ఆసియా కేంద్రంగా కొత్త సంస్థ పెడతాం అన్నది దాని సారాంశం.

ఉద్యోగుల గుండెల్లో రాయి పడింది. అప్పటికే మూడు సంఘాలతో వేతన ఒప్పందాల చర్చలు నడుస్తున్నాయి. పైలట్లది ఒకటి, ఇంజినీర్లది ఒకటి, పెట్టెలు మోసేవాళ్లూ ఇతర గ్రౌండ్ సిబ్బందిదీ ఒకటి. జీతాల కన్నా ‘మా పని బయటివాళ్లకు పోకూడదు’ అన్నదే మూడు సంఘాల అసలు భయం. ఇంజినీర్లు గంటల లెక్కన పని ఆపారు. గ్రౌండ్ సిబ్బందీ అదే బాట పట్టారు. పైలట్లు మాత్రం ఒక్క విమానాన్నీ ఆపలేదు. ఎర్ర టైలు కట్టుకున్నారు, విమానంలో మైకు పట్టుకుని తమ గోడు ప్రయాణికులకు చెప్పుకున్నారు. అంతే!

అయినా వాళ్లకూ లాకౌట్ తప్పలేదు. సోమవారం రాత్రి 8 గంటల నుంచి మూడు సంఘాల వాళ్లకూ పనిలేదు, జీతం లేదన్నాడు జాయిస్. ఆందోళనలో ఉన్న సిబ్బందితో విమానాలు నడపడం భద్రం కాదంటూ శనివారం నుంచే ఎక్కడివక్కడ ఆపేశాడు. సంఘాలకు మరింత మండించిన సంగతి ఇంకోటుంది. ఆ ముందురోజే వాటాదారుల సమావేశం జరిగింది. దాదాపు 50 లక్షల డాలర్లకు చేరిన జాయిస్ పారితోషికానికి అక్కడ ఆమోదముద్ర పడింది. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 71 శాతం ఎక్కువ!

ప్రభుత్వం ఆ రాత్రికి రాత్రే ‘ఫెయిర్ వర్క్ ఆస్ట్రేలియా’ తలుపు తట్టింది. మన లేబర్ ట్రైబ్యునల్ లాంటిదది. శనివారం రాత్రి మొదలైన విచారణ ఆదివారమంతా సాగింది. సోమవారం తెల్లవారుజామున 2 గంటలకు తీర్పు వచ్చింది. ‘సమ్మె లేదు, లాకౌట్ లేదు. ఇద్దరూ ఆపండి, కూర్చుని మాట్లాడుకోండి’ అని. మధ్యాహ్నానికి విమానాలు లేచాయి.

పైకి చూస్తే ఇది రాజీ. నిజానికి గెలిచింది జాయిసే. ఆ ఆదేశంతో సంఘాల చేతిలో ఉన్న సమ్మె ఆయుధం పోయింది. తర్వాత మధ్యవర్తిత్వంలోనూ కాంట్రాక్టు సిబ్బంది మీద పరిమితి పెట్టాలన్న కోరిక నెరవేరలేదు. గ్రౌండ్ సిబ్బంది సంఘం ‘ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్’కు ఆ గాయం మానలేదు.

విమానం పొట్టలో పని

ఇంతకీ ఎవరీ గ్రౌండ్ సిబ్బంది? మీరు విమానం కిటికీలోంచి చూసే ఉంటారు. మెరిసే పసుపో నారింజో జాకెట్లు వేసుకుని, చెవులకు మఫ్‌లు పెట్టుకుని కింద అటూఇటూ పరుగులు పెడుతుంటారు. పెట్టెలు ఎక్కించడం, దించడం, విమానాన్ని ట్రాక్టరుతో వెనక్కి నెట్టడం, లోపల శుభ్రం చేయడం... ఇవన్నీ వాళ్ల పనులే.

అందులో కష్టమంతా విమానం పొట్టలో ఉంటుంది. బోయింగ్ 737 లాంటి చిన్న విమానాల్లో సామాన్ల గదిలో నిటారుగా నిలబడే వీలుండదు. మోకాళ్ల మీద కూర్చునో, నడుం వంచో ఒక్కో పెట్టెనూ అందుకుని పేర్చాలి. పెట్టె 20 కిలోలూ ఉండొచ్చు, 30 కిలోలూ ఉండొచ్చు. ఎండాకాలం ఆ రేకుల గది కొలిమే. బరువు ఏ వైపు ఎంత ఉండాలో లెక్క తప్పితే విమానం సమతూకమే దెబ్బతింటుంది. అరగంటలో అన్నీ ముగించాలి. ప్రయాణికుడికి వాళ్ల ముఖం తెలియదు. పెట్టె రానప్పుడు మాత్రమే గుర్తొస్తారు!

క్వాంటాస్‌లో ఈ పని చేసేవాళ్లలో ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవాళ్లు చాలామంది. సొంత ఉద్యోగులు కావడంతో జీతభత్యాలు కాస్త మెరుగు. సంఘమూ బలమైనదే. యాజమాన్యానికి నచ్చనిదీ అదే.

గోరుచుట్టు మీద రోకలిపోటు

2020 వచ్చింది. కరోనాతో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసింది. విమానాలు ఎడారి ఎండల్లో వరుసలు కట్టి నిలబడ్డాయి. మార్చిలో క్వాంటాస్ 30 వేల మంది ఉద్యోగుల్లో 20 వేల మందిని తాత్కాలికంగా పక్కన పెట్టింది. జూన్‌లో 6 వేల ఉద్యోగాలకు కోత ప్రకటించింది. ఉద్యోగులను వదులుకోవద్దంటూ ప్రభుత్వం వేతన సాయం కింద ఇచ్చిన సొమ్ములో 80 కోట్ల డాలర్లకు పైగా ఆ సంస్థకు అందింది.

ఆగస్టులో అసలు దెబ్బ పడింది. విమానాశ్రయాల్లో గ్రౌండ్ పనంతా బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చే ఆలోచనలో ఉన్నామని సంస్థ చెప్పింది. కావాలంటే కార్మికులు కూడా కాంట్రాక్టర్లతో పోటీగా టెండర్ వేసుకోవచ్చంది. ఏళ్లుగా చేస్తున్న తమ పనికి తామే టెండర్ వేసుకోవడం! అయినా సంఘం ఆ పనీ చేసింది. ఫలితం లేదు. నవంబరు 30న నిర్ణయం ఖాయమైంది. పది విమానాశ్రయాల్లో పని కాంట్రాక్టర్లకు వెళ్లిపోయింది.

సంస్థ చెప్పిన కారణాలు తీసిపారేయాల్సినవేమీ కావు. ఏటా 10 కోట్ల డాలర్లు మిగులుతాయి. కొత్త ట్రాక్టర్లూ బెల్టులూ కొనడానికి అయిదేళ్లలో పెట్టాల్సిన 8 కోట్లు తప్పుతాయి. విమానాలే ఎగరని రోజుల్లో ఏ సంస్థయినా ఇలాంటి లెక్కలే వేస్తుంది. వ్యాపార కారణాలతో పని బయటికి ఇవ్వడం అక్కడి చట్టం ప్రకారం తప్పు కూడా కాదు.

మరి తప్పెక్కడ? క్యాలెండర్‌లో!

ఆస్ట్రేలియాలో ఎప్పుడు పడితే అప్పుడు సమ్మె చేయడం కుదరదు. యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య వేతన ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం పని ఆపకూడదు. గడువు తీరాక, కొత్త ఒప్పందం కోసం చర్చలు జరిగేటప్పుడు, సభ్యుల ఓటింగ్ పెట్టి, ముందస్తు నోటీసు ఇచ్చి సమ్మె చేస్తేనే చట్టం అండగా ఉంటుంది. క్వాంటాస్ కార్మికుల ఒప్పందం గడువు 2020 డిసెంబరు ఆఖరుతో ముగుస్తుంది. అంటే, 2021 వచ్చిందంటే వాళ్ల చేతికి మళ్లీ సమ్మె హక్కు వస్తుంది. విమానాలు తిరిగి ఎగరాల్సింది కూడా అప్పుడే.

నెల రోజుల ముందే ఆ కార్మికులే లేకుండా చేస్తే?

రేపటి హక్కు, ఇవాళ్టి వేటు

ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్ ఫెడరల్ కోర్టుకెక్కింది. ఆస్ట్రేలియా కార్మిక చట్టంలో ఓ కీలకమైన మెలిక ఉంది. హక్కులు వాడుకుంటారన్న కారణంతో ఉద్యోగులపై వేటు వేశారని ఆరోపణ వస్తే, అది నిజమని కార్మికుడు నిరూపించనక్కర్లేదు. అది కారణం కాదని యాజమాన్యమే నిరూపించుకోవాలి. బాస్ మనసులో ఏముందో పెట్టెలు మోసే మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకే ఆ ఏర్పాటు.

జస్టిస్ మైకేల్ లీ 2021 జులైలో తీర్పిచ్చారు. వ్యాపార కారణాలు ఉన్న మాట నిజమే. కానీ 2021లో రాబోయే సమ్మెను తప్పించుకోవడం కూడా ఒక కారణం కాదని క్వాంటాస్ నిరూపించుకోలేకపోయింది. కాబట్టి తొలగింపు చట్టవిరుద్ధం! కార్మికుల ఇళ్లలో ఆ రోజు పండగే.

కానీ ఇల్లలకగానే పండగ కాదు కదా. ‘ఉద్యోగాలు తిరిగి ఇప్పించండి’ అన్న కోరికను అదే కోర్టు ఆ డిసెంబరులో తోసిపుచ్చింది. ఎత్తేసిన విభాగాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టమనడం ఆచరణలో అయ్యేపని కాదంది. దాంతో ఇరువైపులా అప్పీళ్లు. 2022 మేలో రెండూ వీగిపోయాయి. క్వాంటాస్ అక్కడితో ఆగలేదు. హైకోర్టుకు వెళ్లింది. ఆస్ట్రేలియాలో హైకోర్టే అత్యున్నత న్యాయస్థానం. మన సుప్రీంకోర్టు లాంటిదన్నమాట.

అక్కడ సంస్థ వాదన వినడానికి భలేగా ఉంటుంది. ‘మేం తొలగించిన రోజున వాళ్లకసలు సమ్మె హక్కే లేదు. లేని హక్కును మేం ఎలా కాలరాస్తాం?’ అని. రేపు ఎన్నికలనగా ఇవాళ ఓటర్ల జాబితాలో పేరు కొట్టేసి, ‘ఇవాళ పోలింగే లేదు కదా’ అన్నట్టుంది! 2023 సెప్టెంబరు 13న హైకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ వాదనను కొట్టేశారు. రేపు చేతికొచ్చే హక్కును వాడుకుంటారేమోనన్న భయంతో ఇవాళ వేటు వేసినా చట్టం ఒప్పుకోదని తేల్చారు.

పెట్టెలు మోసిన మేనేజర్లు

కోర్టులో వాదనలు సాగుతుండగానే విమానాశ్రయాల్లో ఇంకో కథ నడిచింది. 2022లో కరోనా ఆంక్షలు పోయి జనం ఒక్కసారిగా ప్రయాణాలకు ఎగబడ్డారు. విమానాలు ఆలస్యం. పెట్టెలు గల్లంతు. క్యూలు బారెడు. కాంట్రాక్టర్ల దగ్గర చాలినంత మంది లేరు. ఆ ఆగస్టులో క్వాంటాస్ తన మేనేజర్లకూ ఉన్నతోద్యోగులకూ ఓ విజ్ఞప్తి చేసింది. సిడ్నీ, మెల్‌బోర్న్ విమానాశ్రయాల్లో మూడు నెలల పాటు పెట్టెలు మోయడానికి వంద మంది స్వచ్ఛందంగా రండి అని!

పని తెలిసిన 1,820 మందిని పంపేసి, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లను పిలవడం చూసి కార్మికులకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

2023 ఆగస్టు ఆఖరులో మరో దెబ్బ. అప్పటికే రద్దు చేసేసిన వేలాది విమానాలకు టికెట్లు అమ్మిందంటూ ఆ దేశ వినియోగదారుల కమిషన్ క్వాంటాస్‌ను కోర్టుకు లాగింది. అనుకున్న దానికంటే రెండు నెలల ముందే, సెప్టెంబరు 5న అలన్ జాయిస్ పదవి వదిలేశాడు. సరిగ్గా ఎనిమిది రోజులకు హైకోర్టు తీర్పు వచ్చింది. 2011లో దేశం మొత్తాన్నీ ఆపి గెలిచిన మనిషి, ఈ ఓటమి చూసేసరికి కుర్చీలో లేడు. అప్పట్లో ఆయనతో తలపడిన యూనియన్ నేత టోనీ షెల్డన్ మాత్రం అప్పటికే పార్లమెంటులో సెనేటర్!

మనసుకు వెల ఎంత?

ఇక మిగిలింది లెక్క. ముగ్గురు కార్మికుల కేసులను నమూనాగా తీసుకుని కోర్టు విచారించింది. పోయిన జీతం సరే, ఉద్యోగం ఊడినప్పుడు పడిన మనోవేదనకు వెల ఎంత? ఒకరికి 30 వేలు, ఒకరికి 40 వేలు, ఇంకొకరికి లక్ష డాలర్లని 2024 అక్టోబరులో తేల్చింది. అయితే సంస్థకు ఊరటనిచ్చే మాట కూడా ఒకటి చెప్పింది. అప్పుడు తొలగించకపోయినా ఏడాదిలోపు ఎలాగూ ఆ పని కాంట్రాక్టర్లకు వెళ్లేదేనని. అందుకే జీతం నష్టాన్ని ఏడాదికే లెక్కగట్టింది. దాన్ని బట్టి రెండు పక్షాలూ మాట్లాడుకుని మొత్తం 12 కోట్ల డాలర్ల పరిహారానికి డిసెంబరులో ఒప్పుకున్నాయి.

ఆ పైన జరిమానా. 2025 ఆగస్టు 18న జస్టిస్ లీ మరో 9 కోట్ల డాలర్లు వడ్డించారు. మన లెక్కలో 500 కోట్ల రూపాయలకు అటూఇటూ. ఆస్ట్రేలియా కార్మిక చట్టాల ఉల్లంఘనకు అంత జరిమానా అంతకుముందు ఎన్నడూ పడలేదు. పెద్ద కంపెనీలు జరిమానాను వ్యాపార ఖర్చుల్లో ఒకటిగా రాసుకుని ముందుకు పోకూడదనే అంత వేశానన్నారు ఆయన. సంస్థ చెప్పిన క్షమాపణలో కార్మికులకు చేసిన అన్యాయం మీద పశ్చాత్తాపం ఎంత, తమ పరువు పోయిందన్న బాధ ఎంత అనే సందేహమూ వ్యక్తం చేశారు. జరిమానాలో 5 కోట్లు నేరుగా యూనియన్‌కే ఇవ్వమన్నారు. యూనియన్ కోర్టుకెక్కకపోతే ఈ తప్పు బయటపడేదే కాదు కాబట్టి.

పరిహారం 12, జరిమానా 9. మొత్తం 21 కోట్లు. ఏటా 10 కోట్లు మిగులుతాయని వేసిన లెక్కకు రెండేళ్ల ఆదా ఆవిరి!

మరి కార్మికులు గెలిచినట్టేనా? కోర్టు కాగితాల్లో గెలిచారు. ఆ కాగితాలు వచ్చేసరికి కొందరు వేరే పనుల్లో కుదురుకున్నారు. కొందరికి మళ్లీ అలాంటి ఉద్యోగం దొరికే వయసు దాటిపోయింది. పెట్టెలు మోసే పని ఇంకా కాంట్రాక్టర్ల దగ్గరే ఉంది. ఆ 1,820 ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు. అయితే ఇకపై ఏ సంస్థయినా సమ్మె గడియ రాకముందే సమ్మె చేసేవాళ్లను ఇంటికి పంపుదామనుకుంటే, ముందు ఈ తీర్పు చదవాల్సిందే.

ఈసారి విమానం ఎక్కినప్పుడు ఒక్కసారి కిటికీలోంచి కిందకు చూడండి. మీ పెట్టెను పొట్టలోకి తోస్తున్న ఆ మనిషికీ ఓ కథ ఉండే ఉంటుంది.

*

మన ఆకాశంలోనూ...

* విమాన సంస్థలకూ సిబ్బందికీ గొడవలు మనకూ బాగానే తెలుసు. ఎయిరిండియాలో గగనసఖులు తొలిసారి గర్భం దాల్చగానే ఉద్యోగం పోవాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు 1981లో దాన్ని కొట్టేసింది.

* 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకున్నారు. అందుకు చొరవ చూపిన ఇద్దరిని సంస్థ తొలగించింది. మిగతావాళ్లు వందల సంఖ్యలో ‘ఒంట్లో బాగాలేదు’ అంటూ సెలవు పెట్టేశారు. అయిదు రోజుల పాటు విమానాలు అస్తవ్యస్తమయ్యాయి. చివరికి రాజీ కుదిరింది. 2019లో జెట్ ఎయిర్‌వేసే మూతపడింది.

* 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒక్కటయ్యాయి. సంస్థలు కలిశాయి కానీ పైలట్లు కలవలేదు. కొత్తగా వచ్చే డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న పంతంతో 2012లో ఎయిరిండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. వంద మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఢిల్లీ హైకోర్టు జోక్యంతో జులై మొదట్లో విరమించారు.

* 2024 మేలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు. సంస్థ పాతిక మందిని తొలగించింది. లేబర్ కమిషనర్ దగ్గర చర్చలు జరిగాక ఆ ఉత్తర్వులను వెనక్కి తీసుకుంది. క్వాంటాస్‌లో అయిదేళ్లు పట్టిన వ్యవహారం ఇక్కడ రెండు మూడు రోజుల్లో ముగిసింది!